కబురు అన్న మాట

కెనడాలో, రెజైనాలోని మా లైబ్రరీ కిటికీ పక్క అరలో అరబ్ స్త్రీల పుస్తకాలు ఉండేవి. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నేను ఒక చలికాలంలో ఆ అరంతా చదివేశాను: విలేఖరుల జ్ఞాపకాలు, చరిత్రకారుల వ్యాసాలు, చిత్రకారుల బొమ్మలు. అరబ్బీ అక్షరాలు కూడా నేర్చుకున్నాను. తారీఖు, జవాబు, కబురు అక్కడి నుంచే మనకు వచ్చాయని తెలిసిన రోజు ఇంట్లో చాటించాను.

"ప్రొఫెసరమ్మా, కూర మాడుతోంది. దాన్ని అరబ్బీలో ఏమంటారో?" అన్నారు మా ఆయన.

ఆ అర దగ్గరే ఒకావిడ కూర్చుని రాసుకునేది. తన దేశంలో రేడియో వార్తలు చదివిన మనిషి. తనతో పనిచేసిన ఆడవాళ్ల గురించి పుస్తకం రాస్తోంది. ఒక్క అధ్యాయం దగ్గర ఆగిపోయింది. అది ఆవిడ దగ్గర వార్తల పని నేర్చుకున్న ఫొటోగ్రాఫర్‌ది. బాంబులు పడిన వీధిని ఫొటో తీయడానికి వెళ్లిన ఆ అమ్మాయి తిరిగి రాలేదు. ఆ అమ్మాయి నంబరుకు చేస్తే ఫోన్ ఇప్పటికీ మోగుతుంది, ఎవరూ ఎత్తరు.

"'తీస్తుంది' అని రాయాలా, 'తీసింది' అని రాయాలా?" అందొకసారి. "మా భాషలో రెండు చుక్కల 'త' క్రియకు ముందు పెడితే ఆమె చేస్తున్నట్టు. చివర పెడితే చేసేసినట్టు. ఎక్కడ పెట్టను?"

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఒక శనివారం నా చదువు చూపిద్దామని, కోటు విప్పుతూనే "ఎనీ కబురు?" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "సమాధి దొరికిందని నీకెవరు చెప్పారు?"

కంగారుపడిపోయాను. "సమాధి కాదండీ! కబురంటే వార్త. అది మీ మాటే. మేం కబురు పంపుతాం, కబుర్లు చెప్పుకుంటాం..."

"వార్త ఖబర్. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు అనాలి. నువ్వన్నది మాకు 'కుబూర్' అని వినిపిస్తుంది. సమాధులు." నా కంగారు చూసి, "ఇన్నేళ్లుగా చుట్టాలకు సమాధులు పంపుకుంటున్నారా తల్లీ మీరు?" అని నవ్వింది. రాస్తున్న కాగితాన్ని మాత్రం బోర్లించి పెట్టేసింది.

ఆ తర్వాత ఫోన్లో మా అమ్మ "ఏంటే కబుర్లు?" అన్నప్పుడల్లా నాకు తవ్విన మట్టి వాసన వచ్చేది. "ఏం లేవమ్మా" అని గబుక్కున మాట మార్చేదాన్ని.

కొన్ని వారాలు ఆవిడ లైబ్రరీకి రాలేదు. మంచు కరుగుతున్న రోజుల్లో వచ్చింది. నేను అడగలేదు. అడగడానికి నా దగ్గరున్న ఒకే మాట పాడైపోయింది.

గ్లవుజులు తీస్తూ తనే అడిగింది: "మీ భాషలో 'నో' అంటే?"

"లేదు."

"కబురు లేదు," అంది. గొంతు గీరలేదు. అచ్చం నాలాగే పలికింది. వార్త లేదు. సమాధీ లేదు.

ఆగిపోయిన కాగితం ముందుకు లాక్కుంది. చాలాసేపు చూసి, రాయడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న నాకు అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. తెలిసినవాటిని కూడబలుక్కుంటూ చూశాను.

రెండు చుక్కల 'త' క్రియకు ముందే ఉంది.