మానికెడు భయం

కోస్గి దవాఖానలో నర్సు మల్లిక గర్భిణుల పొట్ట తడిమి చూస్తూనే, కాన్పంటే ఎంత భయమో అడుగుతుంది. సున్నా నుంచి పదిలోపు అంకె చెప్పమంటే అందరూ నేలచూపులు చూసేవారు. అందుకని ఆ రైతుబిడ్డ కొలతను వడ్లు కొలిచే మానికకు మార్చేసింది. "ఎన్ని మానికలుంటదే నీ భయం? జర కొల్చి చూపియ్యి," అంటూ గాలిలోనే వడ్లు ముంచి పోస్తుంది. అక్క కాన్పులో పడ్డ యాతన చూసిన కోమల, తొలిచూలుతో రెండుసార్లు వచ్చినా కొలవకుండానే వెళ్లిపోయింది. ఇవాళ మాత్రం లేని మానికను పట్టి కొలవసాగింది. "లాభం... రెండు... మూడు..." కల్లంలో తొలి మానికను ఒకటి అనరు, లాభం అంటారు కదా, అలవాటుగా అదే నోటికొచ్చింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది. "ఓయమ్మో! భయాన్ని గూడ లాభమంటున్న గదక్కా!" అని పకపకా నవ్వింది. వరసలో కూర్చున్నవాళ్లూ నవ్వారు. "ఇంకెంతున్నదే?" అంది మల్లిక. "ఉన్నది గని, జర తక్కువైంది."

మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. మల్లిక కుర్చీలో వెనక్కి వాలి, ఆరో నెల నిండిన తన పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుంది. రెండో చేత్తో లేని మానికను నింపి, మెల్లగా "లాభం" అంది. అక్కడితో కొలవడం ఆపేసి, టిఫిన్ డబ్బా మూత తీసింది.