దొరగుడి సిలువకు కళ్ళు

ఆళ్ళగడ్డలో ఓబయ్యాచారి చెక్కే విగ్రహాలకు మంచి పేరుంది. ఆయన నోటికి అంతకంటే పెద్ద పేరుంది. రాయి ముందు కూర్చుంటే సాధువు, లేచాడంటే ఎవరికీ లొంగని ఘటం. అలాంటి మనిషి 1956 ఎండాకాలంలో, నంద్యాల పక్క పల్లెలో ఉన్న దొరగుడికి రాతి సిలువ చేసిస్తానని మాటిచ్చాడు. ఆ గుడి పెద్ద, బడిపంతులు సుందరరాజు వచ్చి అడిగితే కాదనలేకపోయాడు. ఇంట్లో భార్య కమలాక్షమ్మ తల పట్టుకుంది.

"ఊరూరా వొద్దంటాండే గుడే దొరికిందా నీకు?"

ఆమె భయానికి కారణం ఉంది. గుడి కట్టించిన తెల్లదొర ఓడెక్కిన రోజే దాని పైనున్న సిలువ కూలిపోయిందట. తర్వాత నిలిపిన కొయ్య సిలువ పిడుగుకు కాలిపోయింది. ఇంకోటి పెడితే ఏడాది తిరక్కుండా గాలికి నేల కరిచింది. దొర తిరిగొచ్చేదాకా ఆ గుడి నెత్తిన ఏదీ నిలవదని చుట్టుపక్కల పల్లెలన్నీ తేల్చేశాయి. కుండ నోటికి మూకుడుంది గానీ లోకం నోటికి లేదు కదా!

ఆచారి ముందుగా గుడి చూడ్డానికి పోయాడు. తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరిగే ముసలి జీవమ్మ తలుపు తీసింది. మందమైన నాపరాతి గోడలు, రంగు అద్దాల్లోంచి నేల మీద పడిన ఎర్రటి, పచ్చటి ఎండ. గోడ రాళ్ళను వేళ్ళతో తట్టి చూసి, కట్టినవాణ్ణి మనసులోనే మెచ్చుకున్నాడు. ఎంత వెతికినా విగ్రహం మాత్రం కనపడలేదు.

"ఏందవ్వా, దేవుడు యాడ?"

"మా పాస్టరయ్య ఆదివారం ఆదివారం మమ్మల్ని అడిగేదీ అదేలే నాయనా" అని జీవమ్మ నవ్వింది.

తిరిగొస్తూ ఆచారి, సిలువలు ఎందుకు నిలవడం లేదో ఆ గుట్టు విప్పానని మురిసిపోయాడు. ఆయన వృత్తిలో విగ్రహమంతా చెక్కాక, చివరన బంగారు ఉలితో కళ్ళు తెరవాలి. అప్పటిదాకా అది వట్టి రాయే. దొరగుడి సిలువలకు ఎవరూ కళ్ళు తెరిపించలేదు, అందుకే పడిపోతున్నాయి! అంతా బాగానే ఉంది గానీ, తీరా తన సిలువ పూర్తయ్యాక అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళు తెరవడానికి దానికి ముఖమేదీ?

సుందరరాజు బండి కట్టుకుని వస్తే ఆచారి రాయిని కదలనివ్వలేదు.

"సిలువకు కళ్ళెందుకు ఆచారీ?"

"నీకేమప్పా! రేపు ఇది పడితే దొరను అనరు. ఓబయ్యాచారి పని పడిందంటారు. మా తాతల నాటి పేరు మన్నులో కలుస్తాది."

చివరికి ఇచ్చిన మాట తప్పలేక, గొణుక్కుంటూనే బండెక్కాడు.

ఆదివారం పొద్దున పల్లె జనమంతా తాళ్ళు పట్టి లాగితే సిలువ పైకెక్కింది. ఆచారి గోడకు కట్టిన సారువ కర్రల మీద నిలబడి దాన్ని గచ్చులో కూర్చోబెట్టాడు. పని సగంలో వదిలేసినట్టే ఉంది ఆయనకు. ఇంతలో కింద పాస్టరయ్య "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. ఆచారి తొంగి చూశాడు.

ఆడా మగా, పిల్లా జెల్లా అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. అంత జనం ఒక్కసారే కళ్ళు మూసుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పాస్టరయ్య ప్రార్థన అంటే మాటలా, మొదలైందంటే ఎండ ముదరాల్సిందే. ఆచారి కదలకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఆమేన్!"

అన్ని కళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. తెరుచుకుని, ఒక్కటీ తప్పకుండా సిలువనే చూశాయి. ఇన్నాళ్ళూ రాతిలో వెతికిన కళ్ళు కింద ఉన్నాయి! ఆచారి ఆనందం పట్టలేకపోయాడు.

"అయింది! నా పని అయింది!" అని పైనుంచి అరిచాడు.

సుందరరాజు రెండడుగులు వెనక్కి దూకాడు. "ఏందప్పా, పడతాండాదా?"

"ఇంక పడదు పో!"

ఇంటికి వచ్చేసరికి కమలాక్షమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"కళ్ళు తెరిపించినావా?"

"తెరిపించినా."

"రెండూనా?"

"రెండేందే పిచ్చిదానా! లెక్కపెడదామనుకుంటే నా కండ్లకు నీళ్ళు అడ్డమొచ్చె."