జూమ్ రింగు దగ్గర తెగిన చప్పుడు

జీలకర్ర, బెల్లం పెట్టే క్షణంలోనే కెమెరా బిగుసుకుపోయింది. కిందటి కార్తీకంలో, కొల్లేటి లంకలో నేను ఫోటోలకి ఒప్పుకున్న పెళ్లి అది. లెన్స్ కాంటాక్టులు శుభ్రం చేసుకోమని తెర మీద కనబడింది. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టేలోపు పెళ్లికొడుకు చెయ్యి దించేశాడు. పెళ్లికూతురి తండ్రి భోంచేసి వెళ్లమన్నాడు. తిట్టినా బాగుండేది.

కాంటాక్టులంటే లెన్స్ వెనక, కెమెరాకి ఆనే బంగారు రంగు చుక్కలు. వాటికి మురికి పడితే కెమెరా చెప్పేది లెన్స్‌కి అందదు. మురికి అనగానే నాకు దసరా గుర్తొచ్చింది. ఆయుధపూజ నాడు మా ఆవిడ కెమెరాలకీ లెన్సులకీ గంధం, కుంకుమ బొట్లు పెట్టింది. నాకింక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. తాడేపల్లిగూడెంలో ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, నీ కుంకుమే నా లెన్స్‌ని పాడుచేసిందని అరిచాను. తను ఏదో చెప్పబోయింది. నేనప్పటికే రబ్బరు ముక్క కోసం పక్క గదిలో సొరుగులు లాగుతున్నాను.

ఆ రోజు నుంచి తను కెమెరా సంచీ ముట్టుకోలేదు. అప్పటిదాకా బ్యాటరీలు చార్జింగుకి పెట్టేదీ, ఆల్బమ్‌కి ఫోటోలు ఏరేదీ తనే. ఇప్పుడు ఊడ్చేటప్పుడు కూడా ఆ సంచీ చుట్టూ తిరిగి పోతోంది. నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. తన కన్ను లేకుండా నేను తీసిన ఏ ఆల్బమూ ఆల్బమ్‌లా లేదు.

కాంటాక్టుల్ని రబ్బరుతో రుద్దాను, స్పిరిట్‌తో తుడిచాను. పది ఫోటోలు బాగానే పడేవి, పదకొండోదానికి మళ్లీ అదే గొడవ. చివరికి ప్యాసింజరెక్కి ఏలూరు వెళ్లాను. అక్కడ ఒక సాయిబు గారు, ఒకప్పుడు గడియారాలు, ఇప్పుడు కెమెరాలు బాగుచేస్తారు. ఆయన కుంకుమ కథంతా విని, ముందు లెన్స్‌ని కెమెరాకి తగిలించి అటూ ఇటూ కదిపారు. ఏమీ కాలేదు. కాంటాక్టుల్లో లోపముంటే ఇలా కదిపితే బయటపడుతుందన్నారు. తర్వాత జూమ్ రింగు కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కో ఫోటో తీశారు. ఒక్కచోటే కెమెరా ఆగిపోయింది.

లెన్స్ విప్పి, లోపలున్న పల్చటి రిబ్బన్ కేబుల్ రెండు కొసలకీ, తీగ తెగకుండా ఉంటే మోగే మీటరు సూదులు ఆనించి, రింగు తిప్పమన్నారు. కీ మని మోగుతున్న మీటరు, రింగు మీద ముప్పై అయిదు అంకె దగ్గరికి రాగానే టక్కున ఆగింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అక్కడే.

“కాంటాక్టులు శుభ్రంగా ఉన్నాయండీ. జూమ్ తిప్పినప్పుడల్లా ఈ రిబ్బన్ మడత పడుతుంది. అక్కడ చిట్లిపోయింది.”

కొన్న రెండేళ్లకే చిట్లుతుందా అని అడిగాను. ఆయన నా చేతివైపు చూశారు. బల్ల మీదున్న మరెవరిదో లెన్స్ ఎప్పుడు తీసుకున్నానో, దాని రింగు గిరగిరా తిప్పుతున్నాను.

“వచ్చిన కాడ్నుంచీ చూస్తున్నానండీ. మీ చెయ్యి ఊరుకోవడం లేదు.”

లెన్స్ కింద పెట్టేశాను. సిగ్గేసింది. ఆయన కొత్త రిబ్బన్ వేసి ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో సీటు దొరికినా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. తప్పు ఎలా ఒప్పుకోవాలో నాలుగు రకాలుగా అనుకున్నాను, ఒక్కటీ నచ్చలేదు.

ఇంటికెళ్లేసరికి తను బట్టలు మడతపెడుతోంది. నీ కుంకుమ కాదు, నా చెయ్యే అని చెప్పేశాను.

“నాకు తెలుసండీ” అంది. “అన్నం తినేటప్పుడు కూడా మీ ఎడం చెయ్యి ఆ రింగే తిప్పుతుంది.”

తెలిస్తే ఆ రోజే చెప్పొచ్చు కదా అన్నాను.

“మీరు నిలబడితే కదండీ చెప్పడానికి.”

ఆ మాట వినేసరికి నేను అప్పుడే గుమ్మం దాటి సగం వంటింట్లో ఉన్నాను. వెనక్కి వచ్చి తన ఎదురుగా కూర్చున్నాను. ఇంకా చెప్పాల్సిందేమైనా ఉండిపోయిందా అని అడిగాను.

“చాలా ఉందండీ” అంది.