ఎడారి బొగ్గు గనిలో మా చెల్లి బండి

మా చెల్లి పావని రాజస్థాన్‌లో బార్మేర్ దగ్గర ఒక బొగ్గు గనిలో చేరి ఏడాది దాటింది. ఆఫీసులో కంప్యూటర్ పని అని చెప్పింది. ఒక్కసారీ ఇంటికి రాలేదు, ఫోన్‌లో గొంతు బొంగురుపోయినట్టు ఉంటోంది. "ఎల్లి దాన్ని తీసుకొచ్చేద్దాం" అని అమ్మ పట్టుబట్టింది. చెబితే వద్దంటుందని చెప్పకుండానే ఇద్దరం చోడవరంలో బయల్దేరాం.

విశాఖ నుంచి జోధ్‌పూర్‌కి నేరుగా వెళ్లే రైలు వారానికొక్కటే కాబట్టి టికెట్లు ముందే తీసుకున్నాం. జోధ్‌పూర్‌లో దిగి బార్మేర్‌కి బస్సెక్కాం, అక్కడి నుంచి గనికి జీపు మాట్లాడుకున్నాం. చెరుకు తోటల మధ్య పెరిగిన మాకు ఎటు చూసినా పచ్చదనం లేని ఆ నేల చూస్తేనే నోరెండిపోయింది. గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టి, చివరికి గని అంచున సందర్శకులు నిలబడే చోటికి పంపారు.

కిందికి చూసి అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా ఊరు ఊరంతా దించినా నిండనంత గొయ్యి. అడుగున బొగ్గు మోసే పెద్ద లారీలు, డంపర్లు తిరుగుతున్నాయి. రోజూ గనివాళ్లను దింపే మా జీపు డ్రైవర్, పైకెక్కి వస్తున్న ఒక డంపర్ చూపించి, "అదే మీ చెల్లి బండి" అన్నాడు హిందీలో.

"తను ఆఫీసులో కదా?"

"ఆఫీసా? డ్రైవరండీ!"

డంపర్ వచ్చి ఆగింది. దాని చక్రమే నాకంటే ఎత్తు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి నిచ్చెన పట్టుకుని దిగింది. పావనే!

"ఓలమ్మో! ఒసే, అందులోంచి దిగతన్నావేటే?" అమ్మ కూలబడిపోయింది.

మమ్మల్ని చూసి పావని కూడా బిత్తరపోయింది. "సెప్తే పంపుతారేటమ్మా?" అంది దుమ్ము కొట్టుకున్న మొహంతో.

"ఆ గొంతేటి మరి?"

"దుమ్ముకే. డాక్టరు సూసేడు, పర్లేదన్నాడు."

"నడు, ఇంటికెల్లిపోదాం."

"రానమ్మా. కష్టపడి నేర్సుకున్నాను. ఈ బండి నమ్మి నాకిచ్చేరు."

అమ్మ లేచి కొంగుతో పావని మొహం మీది దుమ్ము తుడిచింది. సాయంత్రం పావని గదిలో కూర్చుని వడ్డాదిలో ఉన్న పిన్నికి ఫోన్ చేసి, కళ్లు తుడుచుకుంటూనే చెప్పింది: "ఒసే, మా గుంట పావని బండి తోల్తంది. ఆటో కాదే, మన డాబా అంతుంటాది!"

ఒకే మంచం మీద పక్కపక్కన పడుకుని పెరిగాం. దాని గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. ఆ చక్రం పక్కన నిలబడ్డానికే నాకు భయమేసింది, అదేమో అంత ఎత్తున కూర్చుని రోజూ ఆ గోతిలోకి దిగుతోంది. తిరిగొచ్చి వారమైనా ఆ ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

మీరు వెళ్లేటట్టయితే, గనిలో మీవాళ్లున్నా సరే, సందర్శనకు ఆఫీసు అనుమతి ముందే తీసుకోండి. గేటు బయట నిలబడ్డానికి చెట్టు నీడ కూడా ఉండదు.