దుబాసీ అక్కర్లేదు

నేను ఒక ఉత్తరాన్ని పన్నెండేళ్లుగా మోస్తున్నాను. పల్చటి ఎయిర్‌మెయిల్ కాగితం, ఒకే పేజీ. తూస్తే పది గ్రాములుండదు. మా డాక్టరు నాకు నడుం బాగానే ఉందంటాడు. ఆయనకేం తెలుసు.

ఇది రాయడం 'నేను చెడ్డవాణ్ణి కాను' అని మొదలుపెట్టాను. రెండుసార్లు రాసి కొట్టేశాను. మీరే చూడండి.

తొంభైల్లో విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. బీకాం చదివాను. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి. మా పక్క వాటాలో పైడిరాజు ఉండేవాడు, ఓడల్లో సరుకు ఎక్కించే గ్యాంగుకి మేస్త్రీ. నాకంటే ఆరేళ్లు పెద్ద, ఐదో తరగతితో చదువు ఆపేశాడు. చుట్టరికమేమీ లేదు, అయినా 'బావ' అనుకునేవాళ్లం. అతని భార్య నూకరత్నాన్ని 'అప్ప' అని పిలిచేవాణ్ణి. వాళ్లకి పిల్లలు లేరు.

ఓడ వెనక వైపు దాని పేరు, పేరు కింద అది రిజిస్టరైన ఊరు రాసి ఉంటాయి. మా రేవుకొచ్చే ఓడల్లో చాలావాటి మీద 'వలెట్టా' అని ఉండేది. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవికి అది రాజధాని. అక్కడ రిజిస్టర్ చేయిస్తే కంపెనీలకి పన్నులు కలిసొస్తాయి. అంతే తప్ప ఆ ఓడల్లో సగం ఆ ఊరి మొహం చూసి ఉండవు. ఈ సంగతి నాకు తెలుసు. పైడిరాజుకి తెలీదు. ఇన్ని ఓడలున్న ఊరు ఎంత గొప్ప ఊరో అనుకున్నాడు. నేను కాదనలేదు. పైగా నావంతు సాయం చేశాను. ఆ రేవు మన రేవుకి పదింతలన్నాను. దీవి మధ్యలోంచి నది పారుతుందని, సాయంత్రాలు అందులో పడవ షికారుంటుందని చెప్పాను. నాకున్న ఆధారం ఒక స్కూలు అట్లాసు. అందులో మాల్టా ఒక చుక్క. ఆ చుక్కలో నది ఎటు పారిందో నాకే తెలియాలి.

వీధిలో అందర్నీ నవ్వించే పని నాది. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఒకసారి వలెట్టా ఓడలోంచి నిజంగానే ఒక మాల్టా మనిషి దిగాడు. పేరు జోసెఫ్, ఓడలో ఎలక్ట్రీషియన్. పన్నునొప్పితో దవడ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటే, పైడిరాజు తన మోపెడ్ మీద పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కణ్ణించి తిన్నగా ఇంటికి. అప్ప వండిన వంజరం పులుసు జోసెఫ్ ఒక్క ఎడమ దవడతోనే తిన్నాడు. సరుకు రాక ఆ ఓడ పదకొండు రోజులు ఆగింది. పదకొండు రోజులూ వచ్చాడు.

ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నేను మధ్యలో కూర్చుని ఇటు మాట ఇంగ్లీషులో అటు, అటు మాట తెలుగులో ఇటు చెప్పేవాణ్ణి. పైడిరాజు నన్ను 'మా దుబాసీ' అనేవాడు. ఆ ఉద్యోగం నాకు నచ్చింది. మూడో రోజో నాలుగో రోజో నేను ఆలస్యంగా వెళ్లాను. వెళ్లేసరికి వాళ్లిద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు. ఏంటని అడిగాను. పైడిరాజు చెప్పబోయి మళ్లీ నవ్వాడు. ఆ నవ్వు దేనికో నాకు ఇప్పటికీ తెలీదు.

జోసెఫ్ వెళ్తూ, వారం రోజులు మా దీవికి రమ్మని పిలిచాడు. ఇలాంటివి జనం అంటూ ఉంటారు. పైడిరాజు మాత్రం నమ్మాడు. ఊళ్లో తన వాటాకొచ్చిన జీడితోట అమ్మేశాడు. అప్పకీ తనకీ పాస్‌పోర్టులు తీయించాడు. డ్యూటీ దిగాక నన్ను కూర్చోబెట్టి, ఆ ఏడు రోజులకీ నోటుపుస్తకంలో ప్లాను రాయించేవాడు. మొదటి రోజు వలెట్టా. రెండో రోజు జోసెఫ్ ఇచ్చిన పోస్టుకార్డులోని కోట. మూడో రోజు పడవెక్కి పక్కనున్న చిన్న దీవి. నాలుగో రోజు నది. అయిదో రోజు జాలర్ల ఊరు. ఆరో రోజు అప్ప మోకాళ్లకి సెలవు. ఏడో రోజు బజారు. మూడు టికెట్లు: వాళ్లిద్దరూ, దుబాసీ.

దీవి మొత్తం పోర్టు గేటు నుంచి ఆనందపురం దాకా, పాతిక కిలోమీటర్లంతే, దానికి వారమెందుకని అడిగాను. "సిన్న ఊరని బేగి సూసేసి వచ్చేత్తే, ఆల్లు సిన్నబుచ్చుకోరేటి?" అన్నాడు.

ఆ ప్లానుని ఇంగ్లీషులోకి మార్చి, నా నదితో సహా, జోసెఫ్‌కి పోస్టు చేశాను. రెండు నెలలకి జవాబొచ్చింది. విప్పకుండానే తీసుకెళ్లి పైడిరాజు అరుగు మీద కూర్చుని కవరు చించాను. నా కళ్లు ముందు పరిగెత్తాయి. నోరు ఆగిపోయింది.

"ఏటి బావా, ఏటి రాసినాడు?"

"బాగున్నారా అంటన్నాడు."

"అది సరేలే. ఎప్పుడు రమ్మన్నాడు?"

"ఇల్లు సిన్నదంట బావా. ఇంట్లో ఆల్లకి కుదరదంట. రావొద్దన్నాడు."

"రావొద్దనే రాసినాడా? ఆ మాటే?"

"ఆ మాటే."

కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. కాసేపు చూశాడు. "ఏ లైన్లో ఉందది?" అన్నాడు.

నేను వేలు పెట్టి చూపించాను.

ఆ లైను మీద బొటనవేలు ఆనించి అలాగే కూర్చున్నాడు. తర్వాత, "పోనీలే. ఆడు మంచోడే. ఇంటి కాడ ఏటి ఇబ్బందో," అన్నాడు.  లోపల్నించి అప్ప టీ తెచ్చింది. తాగాను. అదీ చెప్పాలి కదా, తాగాను.

నిజానికి ఆ ఉత్తరంలో ఉన్నది ఇది. మా అమ్మ గదికి మీ కోసం సున్నం వేయించాను. వేసవి ముగిశాక రండి. ప్లాను బాగుంది, నాలుగో రోజు తప్ప. మా దీవిలో నది లేదు, ఒక్కటి కూడా లేదు, నీకెవరు చెప్పారో తెలీదు. ఆ రోజు నా పడవలో చేపలకి పోదాం. నువ్వూ నీ భార్యా రండి చాలు. దుబాసీ అక్కర్లేదు. పదకొండు రోజులు మనం బాగానే మాట్లాడుకున్నాం.

నేను వేలు పెట్టింది ఆ చివరి లైన్ల మీదే.

ఎందుకు చేశాను? నది బయటపడుతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పెద్దమనిషి తరహా కారణం, నలుగురిలో చెప్పుకోవచ్చు. కానీ నది గురించి చదివినప్పుడు నాకు సిగ్గేసింది, అంతే. నోరు మూతబడింది 'దుబాసీ అక్కర్లేదు' దగ్గర. బీకాం చదివినవాణ్ణి వదిలేసి ఐదో తరగతివాణ్ణి ఎలా పిలుస్తారు? ఇంత చిన్న ప్రశ్నకి ఒక మనిషి వారాన్ని తగలబెట్టొచ్చా? మర్నాడు పొద్దున్నే వెళ్లి 'ఉత్తినే అన్నాను బావా' అనొచ్చు. రెండో రోజూ అనొచ్చు. జోకుకి గడువుంటుంది. అది దాటాక అదే మాటకి వేరే పేరు పెడతారు.

పైడిరాజు ఆ ఉత్తరాన్ని ఇంకెవరికీ చూపించలేదు. వీధిలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు ఇంకో నలుగురుండేవారు. నేను ఎన్ని రాత్రులు వాళ్లని లెక్కపెట్టుకున్నానో. కానీ పిలిచినవాడే వద్దన్నాడని పరాయివాళ్ల దగ్గర ఎలా చెప్పుకుంటాడు? అడిగినవాళ్లకి మా ఆవిడ మోకాళ్లు బాలేవని చెప్పేవాడు. జోసెఫ్ పేరు మళ్లీ ఎత్తలేదు. నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. అది మాత్రం నాకు కష్టంగా ఉండేది. పాస్‌పోర్టుల గడువు అయిపోయింది. ఒక్క ముద్రా పడలేదు.

పోయిన ఏడాది గుండె ఆగి పోయాడు. పెద్దదినం అయిన వారానికి అప్ప పిలిచి ఆ ఉత్తరం నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"ఆ మాల్టా బాబుకి రెండు ముక్కలు రాయి తమ్ముడా, ఈయన పోయాడని. రావొద్దన్నాడు గానీ, తెలియాల కదా ఆయనకీ." మళ్లీ, "ముందోసారి సదువు. నాను లోపల ఉండిపోయాను ఆ రోజు. సరిగ్గా ఇనలేదు," అంది.

ఇంతకంటే మంచి అవకాశం ఏ తప్పుకీ దొరకదు. ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. ఆ గుండ్రటి అక్షరాలు చూశాను. చదివాను. ఇల్లు చిన్నదంట. ఇంట్లోవాళ్లకి కుదరదంట. రావొద్దంట. ఎక్కడా తడబడలేదు. అన్నేళ్ల కిందటి అబద్ధం నాకు మాటకి మాట కంఠతా వచ్చు.

రాస్తానని చెప్పి వచ్చాను. ఏమి రాయను? అక్కడ ఒకడు, 'నేను పిలిచాను, వాడు జవాబైనా రాయలేదు' అనుకుంటూ ఉంటాడు. అడ్రసు నా దగ్గరే ఉంది. అప్ప నిన్న కూడా అడిగింది. పోస్టు చేశానన్నాను.

క్షమాపణ కోసం ఇది రాయలేదు. ఇవ్వగలిగినవాడు లేడు, ఇవ్వగలిగిన ఆవిణ్ణి నేను అడగను, నన్ను నేను ఎరుగుదును. జోసెఫ్ ఉత్తరాన్ని ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చదివి వినిపించాలనిపించింది. మీకు వినిపించాను. ఒక్క మాటా మార్చలేదు.