పచ్చలైటు వెలిగేదాకా

దిల్షాద్ బేగం జీవితంలో తీరిగ్గా కూర్చున్నది తక్కువ. కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకదానికి కాపలా. విద్యాధరపురం కొండవాలు మీద, నలభై రెండు మెట్లెక్కితే వచ్చే రెండు గదుల ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో కిరసనాయిలు స్టవ్ మీది పాలకు కాపలా కాసింది. తర్వాత తెల్లవారుజామున వచ్చే మున్సిపాలిటీ కుళాయికి కాసింది. కూతురు గుల్షన్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు జ్వరానికి కాసింది. తొంభై మూడులో స్కూల్లో ఆయాగా చేరాక ఊళ్ళోవాళ్ళ పిల్లలకు గేటు దగ్గర నిలబడి కాస్తూనే ఉంది. ఇన్నింటికి కాసిన మనిషి నలభై ఎనిమిదేళ్ళ వయసులో, రెండువేల తొమ్మిదిలో, ఒక సిగరెట్టుకు కాపలా కూర్చోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆమె భర్త అష్ఫాక్ భవానీపురంలో లారీల షెడ్డులో పెయింటరు. లారీ తలుపుల మీద చిలకలు, వెనక తామరపువ్వులు, నుదుటి మీద యజమాని పిల్లల పేర్లు అతను వేస్తే డ్రైవర్లు ఆగి చూసేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు రంగుల వాసన ఒకపక్క, రోజుకు మూడు కట్టల బీడీలు ఇంకోపక్క కలిసి అతని ఊపిరితిత్తులను తినేశాయి. సూర్యారావుపేటలో డాక్టరు ఎక్స్‌రే చూసి, బీడీ మానితే మీ ఇంటి మెట్లు మీ కాళ్ళతో ఎక్కుతారు, లేకపోతే నలుగురు ఎక్కించాలి అన్నాడు. అష్ఫాక్ సోంపు నమిలాడు, లవంగాలు నమిలాడు, పిప్పరమెంట్లు నమిలాడు. ప్రతిసారీ మూడోరోజుకి పెళ్ళాంతో తగువు పెట్టుకుని, ఆ కోపం వంకతో బీడీ వెలిగించాడు.

ఆ ఎండాకాలం చివర్లో గన్నవరంలో సెల్‌ఫోన్ల షాపు నడిపే అల్లుడు రిజ్వాన్ మద్రాసు నుంచి ఒక కరెంటు సిగరెట్టు తెచ్చి మామగారి చేతిలో పెట్టాడు. లావుపాటి నల్లపెన్నులా ఉంది. బ్యాటరీ లోపలే బిగించేసి ఉంది, ఊడదీసేది కాదు. చార్జింగు పెట్టుకుని పీలిస్తే ఆవిరి వస్తుంది, నిప్పు ఉండదు, బూడిద ఉండదు. దిల్షాద్ దాన్ని పట్టుకెళ్ళి డాక్టరుకు చూపించింది. ఇది మంచిదని నేను చెప్పలేను, రెండూ మానితేనే మేలు అన్నాడాయన. అయినా బీడీకట్ట జేబులోంచి పోయింది. మెట్ల మీద రెండుసార్లు ఆగి ఆయాసపడే మనిషి నెల తిరిగేసరికి ఒక్కసారే ఆగుతున్నాడు. దిల్షాద్ పైనుంచి చూసి, అల్లా దయ అనుకుంది.

అది ఇంటికి వచ్చిన మర్నాడే, చార్జింగు పెట్టడం ఎలాగో తెలుసుకుందామని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వీధి చివర నాగూర్ దగ్గరికి వెళ్ళారు. నాగూర్ ఎమర్జెన్సీ లైట్లు రిపేరు చేస్తాడు. ఊళ్ళో కరెంటు కోతలు మొదలైనప్పటి నుంచీ ఉబ్బిపోయిన బ్యాటరీలన్నీ అతని బల్ల మీదికే వస్తాయి. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టిన మనిషి. ముందు తన బల్లకు నల్లగా కాలిపోయిన మూల చూపించి, ఇది నేను టీ తాగి వచ్చేలోపు జరిగింది అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. దాంతో వచ్చిన చార్జరే వాడాలి, పిన్ను పట్టింది కదా అని సెల్‌ఫోన్ చార్జరు గుచ్చకూడదు. పరుపు మీద, దిండు మీద, గుడ్డ మీద పెట్టకూడదు. ఎక్కుతున్నంతసేపూ ఎర్రలైటు, నిండాక పచ్చలైటు, పచ్చ రాగానే పీకెయ్యాలి. కరెంటు పోతే వెంటనే తీసెయ్యాలి, వచ్చాక ఐదు నిమిషాలు ఆగి పెట్టాలి, ఎందుకంటే మన లైన్లో కరెంటు వస్తూ వస్తూ ఎగిరి వస్తుంది. కాలి నల్లబడినా, ఉబ్బినా ఇక దాన్ని చార్జింగు పెట్టేది లేదు. అన్నింటికంటే ముఖ్యం, దాన్ని పెట్టి నిద్రపోకూడదు, బయటికి పోకూడదు.

అష్ఫాక్ అన్నీ విని బుద్ధిగా తల ఊపి, పెళ్ళాం వైపు చూశాడు. జాగ్రత్త అనే మాట వినపడితే ఆ మగవాడి చూపు ఎప్పుడూ అటే పోతుంది. నేను చూసుకుంటాలెండి అంది దిల్షాద్. అతను చూడడం మామూలు, ఆమె ఒప్పుకోవడం మామూలు, అక్కడ ఎవరికీ తప్పు కనపడలేదు.

ఎప్పుడు పెట్టాలనేది అసలు చిక్కు. పొద్దున ఆమె స్కూల్లో ఉంటుంది. పన్నెండు నుంచి రెండు దాకా కరెంటు కోత. సాయంత్రం వంటింట్లో పొయ్యి దగ్గర ఉంటే ముందుగదిలో ప్లగ్గు కనపడదు. రాత్రి పెట్టొద్దని నాగూర్ మరీ మరీ చెప్పాడు. మిగిలింది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఆ రెండు గంటల్లోనే ఆమె నిద్ర ఉంది. తెల్లవారుజామున నాలుగింటికే కుళాయి కోసం లేచిన మనిషి, స్కూల్లో నుంచున్న కాళ్ళతో వచ్చి, అన్నం తిని, మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని చాప మీద వాలే ఆ గంట తప్ప, రోజు మొత్తంలో ఆమెది అనుకోడానికి ఇంకేమీ లేదు.

మిక్సీ వచ్చాక మూలపడిన సన్నికల్లు జరిపి ప్లగ్గు కింద పెట్టింది. రాతికి నిప్పు అంటుకోదు కదా అని దాని మీద సిగరెట్టు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. భోజనానికి వచ్చిన అష్ఫాక్ పక్కనే మంచం మీద గురక పెట్టి నిద్రపోయేవాడు. ఆమె ఎర్రలైటును చూస్తూ ఉండేది. నిద్ర ఆపుకోడానికి బియ్యంలో రాళ్ళు ఏరింది, తస్బీ పూసలు తిప్పింది, మొహం కడుక్కుంది. ఒకరోజు గడ్డం ఛాతీకి తగిలి ఉలిక్కిపడి లేచేసరికి పచ్చలైటు ఎంతసేపటి నుంచి వెలుగుతోందో తెలియదు. ముట్టుకుంటే వేడిగా ఉంది. నాగూర్ బల్ల మూల గుర్తొచ్చి చటుక్కున పీకేసింది. ఆ తర్వాత భయంతో కళ్ళు మూసింది లేదు.

స్కూల్లో మాత్రం కళ్ళు మూతలు పడ్డాయి. గేటు దగ్గర నుంచుని కునుకుతుంటే హెడ్మిస్ట్రెస్ పద్మావతమ్మ గారు చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని మెల్లగా అడిగారు. సిగరెట్టుకు కాపలా కాస్తున్నానండీ అని చెప్పడానికి దిల్షాద్‌కు నోరు రాలేదు. తలనొప్పండీ అంది.

నాలుగో నెలలో ఒకరోజు రెండూ ఐదుకు పెడితే రెండుంపావుకే పచ్చలైటు వచ్చింది. పాడైందేమోనని మళ్ళీ గుచ్చింది. పచ్చే. పీకేసి చాప వేసుకుంది. ఆ రోజు పట్టిన నిద్ర ఆమె మళ్ళీ తలుచుకుని మురిసిపోయేంత నిద్ర. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మీ మామగారు అది కూడా తగ్గించేశారు బాబూ అని రిజ్వాన్‌కు ఫోన్లో చెప్పింది.

చెబుతున్నప్పుడే లోపల ఎక్కడో గుచ్చుకుంది. రోజుకు మూడు కట్టలు తాగిన మనిషి పది నిమిషాల చార్జింగుకు దిగాడంటే నమ్మడానికి తనేమీ చిన్నపిల్ల కాదు. బీడీ కంపు కప్పడానికి నమిలే సోంపు వాసన మళ్ళీ వస్తోంది. తెల్లవారుజామున దగ్గు పాత దారి పట్టింది. ఇవన్నీ ఆమెకు తెలుస్తూనే ఉన్నాయి. అడిగితే మళ్ళీ పీట మీద కూర్చోవాలి. మూడు వారాలపాటు ఆమె అడగలేదు. నిద్ర తీపి అలాంటిది.

ఒక శుక్రవారం గుమ్మంలో నుంచుని కిందికి చూసింది. అష్ఫాక్ పదకొండో మెట్టు దగ్గర ఆగాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర గోడ పట్టుకున్నాడు. ముప్ఫయ్యో మెట్టు మీద కూర్చుండిపోయాడు. నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడు. తను పడుకున్న మూడు వారాలూ అక్కడ, ఆ మెట్టు మీద కనపడ్డాయి ఆమెకు. దిగి వెళ్ళి పక్కన కూర్చుంది.

“బీడీలు ఎప్పట్నుంచి?” అంది.

అతను చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. “నెల కావస్తోంది. మెలకువ వచ్చి చూస్తే నువ్వట్టా కునుకుతూ, ఉలిక్కిపడుతూ... చూళ్ళేకపోయా. నీ నిద్ర పాడుచేసే సిగరెట్టు నాకెందుకనుకున్నా.”

ఆ మాట సగం నిజం. మిగతా సగం బీడీ మీద మోజు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. అలసట మాత్రం వచ్చింది.

“నాకు తెలుసండీ. తెలిసీ అడగలేదు, నిద్రకి ఆశపడి” అంది. ఆ తర్వాత చెయ్యి చాపింది. అతను జేబులోంచి బీడీకట్ట తీసి ఇచ్చాడు.

మర్నాడంతా అష్ఫాక్ ఆ నల్లపెన్నే పీల్చాడు. ఆ పై రోజు భోజనం చేసి అలవాటుగా మంచం వైపు నడుస్తుంటే దిల్షాద్ పీట తెచ్చి సన్నికల్లు ముందు వేసింది.

“ఇట్టా కూర్చోండి. పచ్చలైటు రాగానే పీకెయ్యండి. కరెంటు పోతే తీసెయ్యండి, వచ్చాక ఐదు నిమిషాలు ఆగండి.”

అష్ఫాక్ పీటను, ఆమెను మార్చి మార్చి చూశాడు. “మరి నాకు నిద్రొస్తే?”

“నాకూ వచ్చేది” అని ఆమె వెళ్ళి మంచం మీద పడుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో పగటిపూట ఆ మంచం ఎక్కడం అదే మొదలు.

సాయంత్రం అస్ర్ అజాన్‌కు మెలకువ వచ్చింది. సిగరెట్టు ప్లగ్గు నుంచి తీసేసి రాతి మీద పెట్టి ఉంది. వైరు చుట్టి ఉంది, వంకరగానే చుట్టాడు పాపం. అష్ఫాక్ ఇంకా పీట మీదే కూర్చుని మోకాళ్ళు రాసుకుంటున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. మధ్యలో కరెంటు పోయిందనీ, పీకేసి, వచ్చాక గడియారం చూసి మళ్ళీ పెట్టాననీ చెప్పాడు.

“నాలుగు నెలలు” అన్నాడు. “ఒక్కరోజైనా నన్ను కూర్చోమని అనలేదేం నువ్వు?”

“మీరు నిద్రపోతున్నారు కదండీ” అంది దిల్షాద్.

నమాజుకు ఇంకా కాస్త టైముంది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.