విజిలమ్మ పెట్టిన సెలవు వారం

నీళ్లంటే ఏడ్చే పిల్లల్ని నవ్విస్తూ కొలనులో దింపిన మనిషి ఎవరంటే, ఆ పేటలో ఎవరైనా విజిలమ్మ అనే చెబుతారు. చిన్ననాడు వరుసగా మూడేళ్లు పతకాలు తెచ్చింది. పాచిపట్టి మూలపడ్డ ఈత కొలనును ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి బాగుచేయించింది. ఆవిడ చేతికింద నేర్చినవాళ్లలో ఇద్దరు కోచ్‌లయ్యారు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆవిడ పెట్టిన సెలవు వారం ఒక ఎత్తు.

గట్టి సాధన కొన్ని వారాలు సాగాక, ఒక వారం ఎవరూ నీళ్లలో దిగకూడదు. పిల్లల ఈత టోపీలన్నీ తనే కడిగి, ఆరబెట్టి, పౌడరు అద్ది, బీరువాలో పెట్టి తాళం వేసేది. “కండ పెరిగేది నీళ్లలో కాదర్రా, మంచం మీద. పోయి పడుకోండి!” అని తరిమేది.

ఒక ఏడు ఆ వారం జట్టు ఎంపిక పోటీలకు నెల ముందు పడింది. దర్జీ కూతురికి, అందరూ పిడుగు అని పిలిచే పిల్లకి, వయసు దాటకముందు పోటీ చెయ్యడానికి అదే ఆఖరి అవకాశం.

“గిరాకీ ఉన్నప్పుడు మిషను ఆపే దర్జీ ఉంటాడా అమ్మా?” అన్నాడు తండ్రి.

“మిషనుకు నూనె వేస్తూ తొక్కుతావా అన్నా?” అంది విజిలమ్మ.

దర్జీ నవ్వాడు గానీ మనసు కుదుటపడలేదు.

వారం మధ్యలో, పిల్లల ఈత దుస్తుల పట్టీలు బిగుతు చేయించడానికి విజిలమ్మ దుకాణానికి వెళ్లింది. తెర వెనక చూస్తే, పిడుగు బట్టలు కత్తిరించే బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. కుట్టుమిషను కాలికి రెండు పేటల ఎలాస్టిక్ కట్టి, చేతులతో ఈతకొట్టినట్టు లాగుతోంది. తండ్రి పక్కనే నిలబడి, “లాగు తల్లీ, లాగు!” అంటున్నాడు.

“ఏంటన్నా, కొలను ఇక్కడికి మార్చారా? నాకు చెప్పనేలేదే!”

దర్జీ నాలుక్కరుచుకున్నాడు. “నీళ్లలో దిగొద్దన్నారు కదా అని... ఇందులో పిల్ల తడవదు కదమ్మా.”

విజిలమ్మకు నవ్వొచ్చింది గానీ, పిల్ల మొహం చూసి ఆపుకుంది. “ఏదే, ఒకసారి జుట్టు ముడేసుకో.”

కుడి చెయ్యి చెవిదాకా లేచి ఆగిపోయింది. పిడుగు కళ్లలో నీళ్లు తిరిగాయి. “చెప్తే పోటీకి పంపరని చెప్పలేదు టీచర్.”

అప్పటికప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. భుజంలో వాపేనని, చేతికి పని చెప్పకుండా ఉంటే తగ్గుతుందని ఆయన అన్నాడు.

“అయితే సెలవు మళ్లీ ఈరోజు నుంచి మొదలు,” అంది విజిలమ్మ.

“పోటీలు నెత్తిమీదికొచ్చాయమ్మా!”

“ఓడితే ఊరంతా కలిసి నన్ను తిట్టండి అన్నా, పడతాను. చెయ్యి పోతే ఎవర్ని తిట్టి ఏం లాభం?”

పేటలో గుసగుసలు బయల్దేరాయి. మిగతా పిల్లలు మళ్లీ కొలనులో దిగినా పిడుగు ఇంటి దగ్గరే ఉంది. వాపు తగ్గి, డాక్టరు సరేనన్నాకే ఆవిడ టోపీ చేతికిచ్చింది. మొదట తేలిక ఈత, తర్వాతే వేగం.

ఎంపిక రోజున మొదటి సగం పిడుగు వెనకే ఉంది. దర్జీ తువ్వాలు అంచు కొరుకుతూ నిలబడ్డాడు. చివరి మలుపు తిరిగాక ముందున్నవాళ్ల చేతులు బరువెక్కాయి. పిడుగు చేతులు అప్పుడే నిద్రలేచినట్టు సాగాయి. తీసుకునేది ఇద్దర్ని, తను రెండోది.

ఎంపికైనవాళ్లను ఫొటోకు రమ్మని పిలిచారు. పిడుగు తడి జుట్టుతోనే బెంచీ మీద గాఢనిద్రలో ఉంది. పిలవడానికి వచ్చినాయన భుజం తట్టబోయాడు.

“ఉష్! ఫొటో తర్వాత తీసుకోవచ్చులెండి సార్, పడుకోనివ్వండి,” అంటూ అడ్డొచ్చింది విజిలమ్మ కాదు, దర్జీ.